స్టీరింగ్ నాది

మా ఆయన తన మణికట్టుకి ఎర్ర పట్టీ కట్టించుకున్నాడు. నాకు తెల్లది కట్టించాడు. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, ఆ పొద్దున నా ఒళ్ళు ఎందుకు మండిందో లారీ పోటీలకి వెళ్ళేవాళ్ళకి అర్థమైపోతుంది. వెళ్ళనివాళ్ళ కోసం చెబుతాను. ఎర్ర పట్టీ బండి నడిపే మనిషికి. తెల్ల పట్టీ పక్కన కూర్చుని "గుంట ఉంది, ఎడమకి కొట్టు" అని గొంతు చించుకునే మనిషికి. మూడేళ్ళుగా గొంతు చించుకున్నది నేను. ఈసారి స్టీరింగ్ నాది. ఆ మాట ఇచ్చింది కూడా ఆయనే, నేనేమీ మెడమీద కత్తి పెట్టి అడగలేదు.

నేను నీళ్ళ ట్యాంకర్ నడుపుతాను. కుళాయిలు రాని వీధులన్నిటికీ నా బండే దిక్కు. రెండు సైకిళ్ళు ఎదురుపడితే ఇరుక్కుపోయే సందుల్లో రివర్సులో దూరి, ఎవరి గోడా గీక్కోకుండా బయటికొస్తాను. సగం ఖాళీ అయిన ట్యాంకుతో బండి నడపడమంటే ఏంటో తెలుసా? మనం బ్రేకు వేశాక కూడా లోపల నీళ్ళు ఆగవు. వెనక నుంచి ఒక్క తోపు తోస్తాయి. ఆ తోపుకి ముందే కాచుకోవాలి. రోజంతా అలా కాచుకుంటూ బతికే మనిషిని తీసుకెళ్ళి పక్క సీట్లో కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకోమంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

మా ఆయనకి లారీలు బాగుచేసే షెడ్డుంది. మంచి పనిమంతుడు, కాదనను. చేతిలో రెంచి ఉన్నంతసేపూ ఆయనంత మంచివాడు లేడు. చుట్టూ నలుగురు చేరితేనే వస్తుంది తంటా. నలుగురూ ఏమంటే దానికల్లా తలాడిస్తాడు.

మేం "దున్న" అని పిలుచుకునే ఆ బండి ఒకప్పుడు ఇటుకలు మోసిన చిన్న లారీ. షెడ్డు వెనక ముళ్ళకంపలో పడుంటే ఇద్దరం కలిసి బయటికి లాగాం. వెనక తొట్టి కోసేశాం. బండి పల్టీ కొట్టినా మా బుర్రలు పగలకుండా క్యాబిన్ లోపల ఇనుప పైపులతో పంజరం కట్టాం. ఇంజన్ అడుగున మందపాటి రేకు బిగించాం. చక్రాల మీద కుదుపులు కాచే కమాన్ పట్టీలు ఒక్కోటీ ఊడదీసి, విరిగినవి మార్చి, బండిని జానెడు పైకి లేపాం. పగలు నా ట్యాంకరు నాది, ఆయన షెడ్డు ఆయనది. సాయంత్రమైతే ఇద్దరం దున్న కిందే. వంట చేసే ఓపిక లేక పెనం మీద ఏది పడితే అది వేసుకుని తిన్న రోజులు లెక్కలేదు. సెలవు రోజుల్లో పాడుబడిన క్వారీకి తీసుకెళ్ళి గుంటల్లో దింపి ఎక్కించేదాన్ని. ఆయన గట్టు మీద నిలబడి, ఏ చక్రం గాలిలో లేస్తోందో, ఎక్కడ చప్పుడొస్తోందో చూసేవాడు.

ఈ ఏడు తోలేది నేనే కనక పాత సీటు పీకేసి నా కొలతకే కొత్తది కట్టాం. నేను పొట్టి, ఆయన తాడిచెట్టు. ముందుకీ వెనక్కీ జరిపే పట్టాలుంటే కుదుపులకి జారిపోతాయని, సీటు నా కాళ్ళకి అందేలా ముందుకి జరిపి అక్కడే వెల్డింగ్ పెట్టేశాడు. పెట్టాక తను ఎక్కి చూశాడు. మోకాళ్ళు స్టీరింగ్‌కి రెండువైపులా చెవుల దాకా లేచాయి. "ఇంక ఈ జన్మలో ఇది నీదేనే తల్లీ, నేను ఇందులో పట్టను" అని పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. అలా నవ్విన మనిషి ఎర్ర పట్టీకి చెయ్యి ఎలా చాపాడో వినండి.

పోటీ రోజు పొద్దున పట్టీలు కట్టే టెంటు దగ్గర క్యూలో ఉన్నాం. అంతలో మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చారు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఇటు తొంగిచూసిన మనిషి కాదు. ఇస్త్రీ చొక్కా, నల్లకళ్ళద్దాలు. మా ఆయన మొహం చాటంత అయింది.

"ఏరా, రెడీయా? మావాళ్ళందరికీ చెప్పా, మా తమ్ముడు ఎలా తోలతాడో చూద్దురుగాని రమ్మని," అన్నారు బావగారు.

"ఈసారి తను తోలుతోంది అన్నయ్యా," అన్నాడు మా ఆయన. అన్నాడు, నేను విన్నాను. ఆ మాట మీదే నిలబడి ఉంటే ఈ కథే లేదు.

"అమ్మాయా? మరి నువ్వేం చేస్తావురా? పక్కన కూర్చుని దారి చూపిస్తావా?" బావగారు నవ్వారు. స్నేహితులు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. అది చూశాక నా అరికాలి మంట నెత్తికెక్కడం మొదలైంది.

"డ్రైవరెవరండీ?" అంది టెంటులో పట్టీలు కట్టే అమ్మాయి.

నేను చెయ్యి చాపేలోపు ఆయన చెయ్యి బల్లమీదుంది. "నేనే," అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ పట్టీ ఒకసారి బిగిస్తే మళ్ళీ ఊడదు, కత్తిరించాల్సిందే. టెంటు పక్కకి లాక్కెళ్ళి, "ఏంటయ్యా ఇది?" అన్నాను.

"మెల్లగా మాట్లాడవే. అన్నయ్య ఇంత దూరం వచ్చాడు. ఈ ఒక్కసారికీ సర్దుకో."

"వెళ్ళి కత్తిరించుకో."

"కట్టాక మార్చకూడదండీ," అంది లోపల నుంచి ఆ అమ్మాయి, ఎవరూ అడక్కుండానే. "ఎర్ర పట్టీ ఉన్నవాళ్ళే నడపాలి. వేరేవాళ్ళు నడిపితే బండి లెక్కలోంచి తీసేస్తారు."

మామూలుగా నేను ఊరుకునే రకం కాదు. మా వీధిలో నా గొంతు తెలియని వాళ్ళు లేరు. కానీ ఆ పొద్దున కోపం ఎంత పైకొచ్చిందంటే మాట బయటికి రాలేదు. వదిలేసి ఇంటికి పోదామనుకున్నాను. పక్కన మనిషి లేకపోతే బండిని వదలరు, దున్న ఆ గీత దగ్గరే నిలబడిపోతుంది. దాని కమాన్ పట్టీలకి గ్రీజు పూసిన చేతులివి. దాన్ని నలుగురిలో నిలబెట్టి పోవడానికి మనసొప్పలేదు. వెళ్ళి తెల్ల పట్టీ సీట్లో కూర్చున్నాను.

ఈ పోటీలో బండ్లన్నీ ఒకేసారి పోవు. ఒకటి వెళ్ళి కాస్త దూరమయ్యాక ఇంకొకటి వదులుతారు. ఎవరు తక్కువ సమయంలో చుట్టి వస్తే వాళ్ళది గెలుపు. ముందురోజు సాయంత్రం అందరినీ ఒకసారి మెల్లగా దారంతా తిప్పి చూపిస్తారు. ఏ మలుపు తర్వాత ఏ గుంట ఉందో నేను తలలో పెట్టుకుంటాను. సందుల్లో ఏ గేటు ఎటు తెరుచుకుంటుందో గుర్తుపెట్టుకునే దాన్ని, నాకిదేమంత పని కాదు.

మా ఇద్దరికీ బండిలో ఒక పద్ధతుంది. మిగతా జట్లలో పక్కన కూర్చున్నవాళ్ళు మొదటి నుంచి చివరి దాకా వాగుతూనే ఉంటారు. దున్న ఇంజన్ రొదలో అంత వాగితే గొంతు పోతుంది. అందుకని ప్రమాదం ఉన్నచోట మాత్రమే నేను అరుస్తాను. నేను నోరు మూసుకున్నానంటే ముందు దారి సాఫీ, ఆయన యాక్సిలేటర్ అడుగంటా తొక్కేయొచ్చు. మూడేళ్ళలో ఈ పద్ధతి ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదు.

జెండా పడింది. బయల్దేరాం.

ఆయనతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చెప్పకపోతే బండి పాడవుతుంది. అందుకని బండితోనే మాట్లాడాను. "దున్నా, ముందు కుడి మలుపు, రాళ్ళగుట్ట!" అని అద్దం వైపు చూసి అరిచాను.

"దున్న విందిలే," అన్నాడు ఆయన, నన్ను నవ్విద్దామని. నాకింకా మండింది.

ఇక ఆయన నడపడం చూడాలి. ఆ సీట్లో మోకాళ్ళు స్టీరింగ్‌కి అడ్డం. కుడికి తిప్పాలంటే కుడి మోకాలు పక్కకి వంచాలి, ఎడమకి తిప్పాలంటే ఎడమది. తిప్పాల్సిన ప్రతిచోటా ఒక క్షణం ఆలస్యం. ఏ రాయి తప్పించమన్నానో సరిగ్గా ఆ రాయి మీదకే ఎక్కించేవాడు. కింద రేకు గీసుకుపోయిన ప్రతిసారీ నా పళ్ళు జివ్వుమన్నాయి. నేనైతే ఆ గుట్టని చుట్టి వచ్చేదాన్ని. నేనైతే ఆ ఎత్తు మీద గేరు ముందే మార్చేదాన్ని. నేనైతే, నేనైతే అనుకుంటూ నా చేతులు ఒళ్ళో వాటంతటవే తిరుగుతున్నాయి.

రాళ్ళ దారి దాటి బయలు నేల మీద పడ్డాం. అక్కడ కాస్త ఊపిరి పీల్చుకుని ఆయన, "ఊరికే మొహం మాడ్చుకోకే. వచ్చే ఏడు నీకే ఇస్తాలే," అన్నాడు.

ఇస్తాడట! వాళ్ళ తాతలు సంపాదించి పెట్టిన ఆస్తిలా, దయ తలిచి నాకు ఇస్తాడట. ట్యాంకరు దిగి, నడుం పడిపోతున్నా బండి కిందకి దూరింది నేను. క్వారీ గుంటల్లో దాని ఒళ్ళు వంచింది నేను. నా సొంత స్టీరింగ్ నాకు ఇవ్వడానికి ఈయనెవరు? బదులు చెబితే ఏడుస్తానేమోనని మొహం పక్క కిటికీ వైపు తిప్పేసుకున్నాను. ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టొచ్చో అన్నీ లోలోపలే తిట్టుకుంటున్నాను. బయటికి మాత్రం ఒక్క మాట లేదు.

నా నోరు మూతపడింది కదా, మా పద్ధతి ప్రకారం ఆయన అడుగంటా తొక్కాడు.

ఎండిన వాగు ఎక్కడుందో నాకు తెలుసు. ముందురోజు చూసి, ఇక్కడ సగం వేగానికి తగ్గాలి అనుకున్నాను కూడా. తల తిప్పేసరికి గట్టు అంచు బానెట్ కిందకి వచ్చేసింది. "వాగు!" అని కేకపెట్టాను. అప్పటికే ముందు చక్రాలు గాలిలో ఉన్నాయి.

దున్న మూతి ఇసకలో దిగబడింది. బెల్టులు భుజాలు కోసేశాయి. ఇంజన్ ఆగింది. దుమ్ము సద్దుమణిగాక చూస్తే ఆయన ఎడమ మోకాలు స్టీరింగ్ కాండానికీ డాష్‌బోర్డుకీ మధ్య ఇరుక్కుని ఉంది. లాగితే వచ్చింది కానీ ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎందుకు చెప్పలేదే?" అని అరిచాడు.

"ఎందుకు చెప్పాలి?"

"నువ్వు నోరు మూసుకుంటే దారి బాగుందనుకోనా?"

"పొద్దుట్నుంచీ మూసుకునే ఉన్నా. ఎందుకో ఒక్కసారైనా అడిగావా?"

ఆయన మోకాలు తడుముకున్నాడు. తప్పు నీదే కదా అని నన్నంటారా? సగం నాదే, కాదనను. మిగతా సగం ఎవరిదో ఆయనకి తెలుసు.

దిగి చూశాను. ఇరుసు వంగలేదు. రేకు సొట్టపోయింది కానీ ఇంజన్‌కి దెబ్బ లేదు. పార తీసుకుని చక్రాల ముందు ఇసక తోడాను. టైర్లలో గాలి ఇంకాస్త వదిలాను, ఇసకలో అవి పరుచుకుని పట్టు దొరకాలని. పక్కన కట్టి తెచ్చుకున్న ఇనప పలకలు చక్రాల కింద దోపాను. ఆయన కిందకి దిగబోయి, ఎడమ కాలు నేలకి ఆనించగానే "అమ్మో" అని తలుపు పట్టుకుని వేలాడాడు. మోకాలు అప్పుడే బూరెలా పొంగింది. ఆ కాలితో క్లచ్ తొక్కడం కల్ల.

"ఇక అయిపోయిందిలే. ట్రాక్టర్ వచ్చి లాగేదాకా కూర్చుందాం," అన్నాడు.

"నువ్వు కూర్చో. నేను పోతున్నా. పక్క సీట్లోకి జరుగుతావా, ఇక్కడే దిగుతావా?"

"నువ్వు తోలితే లెక్కలోకి రాదే."

"పొద్దుట్నుంచీ నేను ఏ లెక్కలోనూ లేను. జరుగు."

జరిగాడు. నా సీట్లో నేను కూర్చున్నాను. కాళ్ళు పెడల్స్ మీద అవంతటవే పడ్డాయి. రివర్సులో ఒక్కసారి వెనక్కి ఊపి, మొదటి గేరులో నెమ్మదిగా ముందుకి తెచ్చాను. పలకల మీద చక్రాలు కరకరమన్నాయి. దున్న మూలిగి, ఒళ్ళు విదిల్చుకుని, వాగు అవతలి ఒడ్డెక్కింది.

ఆ తర్వాత దారి ఎలా గడిచిందో చెప్పమంటే నాకు మాటలు చాలవు. కోపం అలాగే ఉంది, చేతులకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. మలుపు దగ్గర బండి బరువు ఎటు ఒరుగుతుందో ముందే తెలుస్తోంది. ట్యాంకులో నీళ్ళ తోపు కాచుకున్నట్టే కాచుకుని, బ్రేకు తొందరగా తాకించి వదిలేస్తున్నాను. పక్కన ఆయనకి దారి తెలియదు. ముందురోజు చూసినప్పుడు ఫోన్లో బావగారితో మాట్లాడుతూ కూర్చున్నాడు. అందుకని కనపడిన ప్రతిదానికీ అరుస్తున్నాడు. "రాయి! రాయి! చెట్టు! ఒసేయ్ చెట్టు!"

"చెట్టు దానిచోట అది ఉందయ్యా. నువ్వు నోరు మూసుకో."

మూసుకున్నాడు. బురద గుంట దగ్గర ముందు వెళ్ళిన బండి ఒకటి కూరుకుపోయి ఉంది. అక్కడి మనుషులంతా దానికి తాడు కట్టే హడావుడిలో ఉన్నారు. పక్కగట్టు మీదుగా ఒక చక్రం ఎత్తుకుని దాటేశాను. మా అద్దమంతా బురద, వైపరు తుడిచిన సందులోంచి నాకు దారి కనపడింది కానీ లోపల ఎవరున్నారో ఎవరికీ కనపడలేదు.

చివరి మట్టిదిబ్బ చుట్టూ తిరుగుతుంటే ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. గొంతు మారిపోయింది. "ఏమే, మన టైమ్ బాగుంది. చాలామంది ఇరుక్కుపోయినట్టున్నారు. మొదటి ముగ్గురిలో ఉంటాం."

నేను దిబ్బ చుట్టూ స్టీరింగ్ తిప్పుతూనే ఉన్నాను.

"ఈ దిబ్బ వెనక ఆపు. ఒక్క క్షణం. సీట్లు మారదాం. మిగిలింది తిన్నటి దారే, రెండో గేరులో పెట్టి ఇచ్చెయ్, కదిలేటప్పుడు ఒక్కసారి కుడి కాలితోనే క్లచ్ తొక్కుతా, అలాగే గీత దాటించేస్తా. ఎవరూ చూడలేదు. వినవే, ఇన్నాళ్ళ కష్టం. నాదొక్కడిదేనా? నీది కూడా కదా!"

అబద్ధం కాదు. ఆ పంజరంలో ప్రతి అతుకూ ఆయన చేత్తో పెట్టిందే. నా కాలు బ్రేకు దాకా వెళ్ళింది, దాచడమెందుకు? దిబ్బ నీడలో ఆపితే బండికి పేరొస్తుంది. బావగారు చప్పట్లు కొడతారు. మైకులో ఆయన పేరు చెబుతారు. ఇంట్లో గూట్లో ఒక కప్పు పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించి, ఆ వాగు ఎలా దాటాడో ఆయన చెబుతుంటే నేను మంచినీళ్ళ గ్లాసులు అందిస్తాను. ఎన్నేళ్ళు? ఆ కప్పు మీద దుమ్ము తుడిచేది కూడా నేనే.

"ఆపవే!" అన్నాడు.

గేరు మార్చి తొక్కాను.

గీత దాటుతుంటే జెండా మనిషి ఊపాడు. తర్వాత పక్క కిటికీలోంచి నా మొహం చూశాడు, నా చెయ్యి చూశాడు, జెండా దించేశాడు. కాసేపటికి మైకులో మా నంబరు చెప్పి, ఈ బండి లెక్కలోకి రాదు అని రెండుసార్లు చదివారు. మొదటిసారి ఎవరికీ వినపడలేదనుకున్నారేమో.

బావగారు స్నేహితులతో సహా వచ్చారు. చొక్కా మీద దుమ్ము పడకుండా నాలుగడుగుల దూరంలో ఆగి, "ఏంటమ్మా ఇది? వాడి కాలికి దెబ్బ తగిలితే తగిలింది, ఆ దిబ్బ వెనక సీట్లు మారితే సరిపోయేదిగా. ఎవడు చూడొచ్చాడు?" అన్నారు.

నోటికొచ్చింది అనేసేదాన్నే. ఈలోపు మా ఆయన తలుపు పట్టుకుని ఒంటికాలి మీద దిగాడు.

"నేను ఆపమన్నా అన్నయ్యా, తను ఆపలేదు. బండిని వాగులో పడేసింది నేను. బయటికి తీసి ఇక్కడిదాకా తెచ్చింది తను. అసలు ఇవాళ తోలాల్సింది తనే. నువ్వొచ్చావని నేను లాక్కున్నా."

ఆ స్నేహితులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "సర్లేరా, ఆటే కదా. దీనికింత రాద్ధాంతం ఎందుకు," అని బావగారు వాళ్ళని తీసుకుని నీడ ఉన్న వైపు వెళ్ళిపోయారు.

ఆయన ఆ మాట పైకి అంటే చాలు, నా కోపం దిగిపోతుందని పొద్దుట్నుంచీ అనుకుంటూ ఉన్నాను. అన్నాడు. నలుగురూ విన్నారు. దిగలేదు. ఇన్ని నెలలు నేను కలగన్నది ఆ మొదటి గీత దగ్గర స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడం. వాగులోంచి మిగిలిన సగం దారి ఎంత బాగా నడిపినా అది దానికి బదులు కాదు. పోయింది పోయింది. ఎవరు ఏమన్నా అది వెనక్కి రాదు.

ఆయన బండికి ఆనుకుని నా మొహంలోకి చూశాడు. "ఇప్పుడైనా తగ్గిందా కోపం?"

"లేదు."

"అందరి ముందూ చెప్పానుగా."

"చెప్పావు. లాక్కున్నది కూడా అందరి ముందే."

తల దించుకున్నాడు. తలుపు మీది బురదని వేలితో కాసేపు గీకాడు. "మరెప్పుడు తగ్గుతుందే?"

"మొదట్నుంచీ చివరిదాకా నేను తోలిన రోజున అడుగు."

ఆయన ఎడమ కాలిని రెండు చేతులతో పట్టుకుని, మూలుగుతూ పక్క సీట్లోకి ఎక్కడం మొదలుపెట్టాడు. ఆ మెట్టు ఎత్తు నాకు తెలుసు, మంచి కాళ్ళున్నవాళ్ళకే కష్టం. నేను చెయ్యి అందించలేదు.